భ్రమరాంబ పుట: ఉంచాలా, తీసెయ్యాలా

1వ రోజు

పొద్దున నీళ్ళ వంతు మాది. రెండు బిందెలూ మూడో అంతస్తుకు చేర్చేసరికి ఆఫీసుకు ఆలస్యమైంది. సముద్రం ఈ వారం గట్టు అంచుకు మూరెడు దిగువన ఉంది. పంపులు ఆగకుండా తోడుతున్నాయి. కొత్తరేవులో పుట్టిన పిల్లలకు ఆ మోత లేకపోతే నిద్ర పట్టదట.

బల్ల మీద కొత్త ఫైలు ఉంది. మహాకోశంలోంచి ‘తలుపుల భ్రమరాంబ’ అనే పుట తీసెయ్యమని అర్జీ. పెట్టినవాడు, మౌనంతో మనశ్శాంతి ఇస్తామనే నిశ్చల మార్గం వారి వకీలు పృథ్వీధర్. కారణం ఒక్క వాక్యంలో రాశాడు: “ఈమె కోశంలో చోటు పొందదగినంత ప్రముఖురాలు కాదు.”

నా పేరు కోరుకొండ హైమవతి. కోశం కొత్తరేవు శాఖలో తొమ్మిదేళ్ళుగా తీర్పరిని. తగాదా వచ్చిన పుట ఉండాలో పోవాలో తేల్చడం నా పని. ఏం చూశానో, ఎవరితో మాట్లాడానో, ఎందుకు అలా తేల్చానో రోజువారీగా రాసి ఫైలుకు జత చెయ్యాలి. అందుకే ఇది రాస్తున్నాను.

పుటలో పదకొండు వాక్యాలున్నాయి. భ్రమరాంబ పదహారేళ్ళు నిశ్చల మార్గంలో గుమస్తా. తర్వాత బయటికొచ్చి, వాళ్ళ మౌనగృహంలో పంతొమ్మిది మంది చనిపోయారని పుస్తకం రాసింది. ఇప్పుడు చేపల బజారులో ఎండుచేపలు అమ్ముతుంది. చదివాక నాకూ అదే అనిపించింది, ఈవిడకు కోశంలో పుట ఎందుకని.

బయల్దేరబోతూ మరోసారి చూస్తే అసలు సంగతి కనబడింది. కోశంలో నిశ్చల మార్గానికి వేరే పుట ఉంది, చాలా పొడుగ్గా. దాని అడుగున ‘మౌనగృహంలో మరణాలు’ అనే భాగం, అందులో పంతొమ్మిది పేర్లు. ఆ భాగానికి ఆధారం భ్రమరాంబ పుస్తకం ఒక్కటే. సొంతంగా అచ్చు వేసుకున్న పుస్తకం ఆధారంగా చెల్లాలంటే, రాసిన మనిషికి కోశంలో పుట ఉండి తీరాలి. ఈమె పుట పోతే పుస్తకం చెల్లదు. పుస్తకం చెల్లకపోతే ఆ పేర్లన్నీ పోతాయి. అర్జీలో ఆ మాట ఎక్కడా లేదు.

3వ రోజు

సంబంధం లేని ముగ్గురు బయటివాళ్ళు ఒక మనిషి గురించి వివరంగా రాసో, మాట్లాడించో ఉండాలి. అప్పుడే ఆ మనిషికి పుట. ఇదీ నియమం. భ్రమరాంబ పుట కింద అయిదు ఆధారాలున్నాయి. రెండు నిశ్చల మార్గం వారి సొంత పత్రిక ఆమెను తిడుతూ రాసినవి. అవి లెక్కలోకి రావు. ఒక కోర్టు తీర్పులో ఆమె పేరు ఒక్క చోట, సాక్షుల జాబితాలో ఉంది. అదీ చాలదు. రేవు రేడియో ఆమెతో గంటసేపు మాట్లాడించింది. అది చెల్లుతుంది. అయిదోది ‘తీరవాణి’ అనే దినపత్రిక, మూడు వారాలు వరుసగా రాసిన వ్యాసాలు. పత్రిక మూతపడి ఎనిమిదేళ్ళయింది. వ్యాసాలను రెండు వేర్వేరు ఆధారాలుగా తీసుకోవడానికి వీలుంది, వేర్వేరు విలేకరులు రాశారు కనక. అయితే కళ్ళతో చూడాలి.

ఇంటికొచ్చేసరికి కింది వాటా మంగతాయారు మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమె భర్త దానయ్య గట్టు మీద తూముల కాపలాదారు. రెండేళ్ళ కిందట నాలుగో తూము తలుపు విరిగి ఎనిమిది మంది పూడిక తీసే కూలీలు నీళ్ళలో కొట్టుకుపోయారు. అప్పటినుంచీ అతని చేతులు వణుకుతాయి. అన్నం ముద్ద నోటిదాకా చేరదు.

“ఆ నిచ్చల మార్గపోళ్ళ కాడికి ఎల్తానంటన్నాడండి,” అంది మంగతాయారు. “నలబై రోజులు మాటాడకుండా ఉంటే తగ్గిపోద్దంట. నేను పెట్టెని అడిగానండి. అక్కడ పంతొమ్మిది మంది పోయారని సెప్పింది. పేర్లు కూడా సదివింది. అది ఇన్నాక కాస్త ఎనక్కి తగ్గాడు.”

పెట్టె అంటే పలుకుపెట్టె. దొంగ గొంతులతో, దొంగ వార్తలతో జనం మోసపోయిన అబద్ధాల ఏళ్ళ తర్వాత వచ్చిన చట్టం ప్రకారం, ఏ ఇంట్లో పెట్టె అయినా కోశంలో ఉన్న మాటే పలకాలి. నెట్‌లో జనానికి తెరుచుకునేది కూడా కోశం ఒక్కటే.

ఫైలు నా దగ్గరే ఉందని ఆమెకు చెప్పకూడదు. “మంచిదే, ఆగమను,” అన్నాను.

6వ రోజు

భ్రమరాంబ తనే వచ్చింది. అరవై మూడేళ్ళుంటాయి. చేతులు కడుక్కుని వచ్చినా ఎండుచేపల వాసన గదంతా నిండింది. “ఏమనుకోకండి, ఇది వదలదు,” అంటూ కుర్చీని నాకు దూరంగా జరుపుకుని కూర్చుంది.

“మీ పుట నిలబెట్టుకోవడానికి మీరేమైనా చెప్పుకోవచ్చు,” అన్నాను.

“నా పుట నాకెందుకండీ? తీసెయ్యండి. నన్నెవరు చదవాలి? ఆ పేర్లు మాత్రం ఉంచండి.”

అలా వీలుపడదని వివరంగా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, సంచీలోంచి గళ్ళ అట్ట పుస్తకం తీసింది. ఒక్కో పేరుకూ గది నంబరు, లోపలికి వెళ్ళిన రోజు, చివరి రోజు. పదహారేళ్ళలో ఆమె పని విప్పుళ్ళు వినడం. నిశ్చల మార్గంలో చేరినవాళ్ళ మణికట్టుకు ఒక పట్టీ కడతారు. ఒక గదిలో కూర్చుని, పుట్టింది మొదలు చేసిన తప్పులన్నీ దానికి చెప్పాలి. దాన్నే విప్పుడు అంటారు. అదంతా రికార్డవుతుంది. విని, ఎవరు ఏం చేశారో వరస కట్టి అలమరల్లో పెట్టేది భ్రమరాంబ.

“మౌనగృహంలో కూడా పట్టీ తియ్యరండి. మాట్లాడితే రోజులు పెంచుతారు. మళ్ళీ మాట్లాడితే నీళ్ళు తగ్గిస్తారు. పట్టీ మాత్రం వింటూనే ఉంటుంది. ఆ చివరి మాటలు నా చెవిలోకొచ్చేవి. ఒకాయన మూడు రోజులు నీళ్ళడిగాడు. నేను దాన్ని ‘అశాంతి’ అని రాసి అలమరలో పెట్టాను. అలా రాయమనేవారు.”

“ఎన్నాళ్ళు రాశారు?”

“పంతొమ్మిది సార్లు,” అంది.

పుస్తకం మూసి తనే అడిగింది. “మనిషి ముఖ్యుడని మీరెలా తేలుస్తారండీ?”

“బయటివాళ్ళు ముగ్గురు మీ గురించి వివరంగా రాయాలి.”

“అంటే చచ్చిపోవడం చాలదా?”

“అదొక్కటే చాలదు,” అన్నాను. నియమం అదే.

9వ రోజు

పృథ్వీధర్ వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, మెత్తగా మాట్లాడతాడు. వచ్చీ రాగానే నా ఆరోగ్యం అడిగాడు. ఒక కవరు బల్ల మీద పెట్టాడు.

“ఇది భ్రమరాంబగారి విప్పుడు. ఆవిడ ఎలాంటి మనిషో మీకు తెలియాలి కదండీ.”

“ఇది ఫైలుకు సంబంధం లేనిది.”

“చూడమని బలవంతం లేదు. బజారులో స్తంభాలకు ఎవరో అంటించారు కూడాను. మేం మాత్రం కాదు.”

అతను మాట్లాడినంతసేపూ నియమాల పుస్తకంలోని మాటలే మాట్లాడాడు. ఒక్కటీ తప్పు చెప్పలేదు. “నేను కొత్తగా ఏమీ అడగడం లేదండీ. మీరు అందరికీ పెట్టే కొలతే ఆవిడకూ పెట్టమంటున్నాను,” అని దణ్ణం పెట్టి వెళ్ళాడు.

కవరు తెరవకుండా ఉండాల్సింది. తెరిచాను. మొదటి కాగితంలోనే ఉంది: మంచాన పడ్డ తల్లి కంచంలోంచి, పద్నాలుగేళ్ళ వయసులో, ఆకలికి ఆగలేక అన్నం తీసుకుని తినేదట. తల్లి చూస్తూ ఉండేదట. మిగతా కాగితాలు చదవలేదు.

మధ్యాహ్నం బజారుకు వెళ్ళాను. ఆమె దుకాణానికి ఎదురుగా స్తంభం మీద అదే కాగితం ఉంది. భ్రమరాంబ దాన్ని చింపలేదు. సావిడాయ చేపలు తూస్తూ నన్ను చూసి, “అది నిజమేనండి,” అంది. “నిజం కాకపోతే చింపేదాన్ని.”

11వ రోజు

పాత పత్రికలన్నీ పాడుబడ్డ జనపనార మిల్లు గోదాములో ఉంటాయి. దారిలో సగం నీళ్ళే. పడవ మీద వెళ్ళాను. ‘తీరవాణి’ సంపుటాలు దొరికాయి, చెద పట్టలేదు, తడవలేదు. కావలసిన మూడు సంచికల్లోనూ ఆ పుటలు లేవు. చించినట్టు లేదు, బ్లేడుతో అంచు వెంట తీరిగ్గా కోశారు. వచ్చేపోయేవాళ్ళు సంతకం చేసే పుస్తకం అడిగాను. దాంట్లో కూడా నాలుగు కాగితాలు లేవు.

తిరిగొచ్చి జకరయ్యగారికి చెప్పాను. ఆయన మా శాఖ పెద్ద. నా తీర్పు మీద ఆయన సంతకం పడాలి.

“ఎవరు కోశారో మనిద్దరికీ తెలుసు,” అన్నాను.

“తెలుసమ్మా. రాయగలవా? ‘నాకు తెలుసు’ అని ఆధారం చోట రాయగలవా?”

“కోసేశారన్నదే సాక్ష్యం కదండీ. అందులో ఏదో ఉండబట్టేగా కోశారు.”

“లేని కాగితం సాక్ష్యం కాదు. ఇవాళ నువ్వు మంచి మనసుతో దాన్ని ఒప్పుకుంటావు. రేపు ఇంకొకడొచ్చి, నాకు అనుకూలంగా రాసిన కాగితాలు ఎవరో కోసేశారంటాడు. అతనికేం చెబుతావు?” కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నీకు నేను చెప్పాలా? మీ అమ్మగారి సంగతి మర్చిపోయావా?”

మర్చిపోలేదు. అబద్ధాల ఏళ్ళలో ఒకరోజు అమ్మకు ఫోనొచ్చింది. అచ్చం మా డాక్టరుగారి గొంతు. చక్కెర మందు ఆపేసి ఏదో కషాయం తాగమంది. తొమ్మిదో రోజుకు అమ్మ పోయింది. డాక్టరుగారు ఆ ఫోనే చెయ్యలేదు. ఎవరు చేశారో, ఎందుకు చేశారో ఈనాటికీ తెలియదు. ఆ ఏడాది ఒక్క మా వీధిలోనే పదకొండు మంది అలా పోయారు. నేను ఈ ఉద్యోగంలోకి వచ్చింది అందుకే. చూడని దాన్ని చూశానని నేను రాయను.

12వ రోజు

తీర్పు రాశాను. చెల్లే ఆధారం ఒకటి, కావలసినవి మూడు. ‘తలుపుల భ్రమరాంబ’ పుట తీసెయ్యవలెను. జకరయ్యగారు సంతకం పెట్టారు. సాయంత్రం నాలుగింటికి పుట పోయింది. అయిదు నిమిషాల తర్వాత మరణాల భాగం దానంతటదే పోయింది.

అన్నం వండుకోలేదు. మజ్జిగ తాగి కూర్చున్నాను.

15వ రోజు

కింద వాటాలో మాటలు పెద్దవయ్యాయి. మంగతాయారు పిలిస్తే దిగాను. దానయ్య చిన్న సంచీ సర్దుకుని నిలబడి ఉన్నాడు.

“సూడండమ్మగారూ, మొన్నటిదాకా పంతొమ్మిది మంది పోయారని సెప్పిన పెట్టె ఇయ్యాల ఆ ఊసే ఎత్తట్లేదు,” అన్నాడు దానయ్య. “అడిగితే, లచ్చల మందికి మనశ్శాంతి దొరికిందంటంది. అంటే ఆ పోయారన్నది అబద్ధమనేగా తీసేసింది?”

మంగతాయారు నా మొహం చూసింది. “మీరు ఆ కోశం ఆఫీసులోనేగా సేసేది. మీరు సెప్పండి. అబద్ధమేనా?”

తీర్పు మీద అప్పీలు చెయ్యడానికి ముప్పై రోజుల గడువుంటుంది. ఆ లోపల తీర్పరి ఫైలు గురించి బయట నోరెత్తకూడదు.

“వెళ్ళకు దానయ్యా,” అన్నాను.

“ఎందుకండి?”

“నా మాట విని ఆగు.”

“కారణం సెప్పండమ్మగారూ. మీకేదన్నా తెలుసా?”

“చెప్పకూడదు.”

అతను నవ్వాడు. వణికే రెండు చేతులూ నా ముందుకు చాపాడు. “ఈటిని సూడండి. రెండేళ్ళయింది. మీరు కారణం సెప్తే ఆగుతాను.”

నేను చెప్పలేదు. నియమం కోసం చెప్పలేదా, ఉద్యోగం కోసం చెప్పలేదా అని ఇది రాస్తూ కూడా ఆలోచిస్తున్నాను. దానయ్య మధ్యాహ్నం పడవలో వెళ్ళిపోయాడు.

21వ రోజు

భ్రమరాంబ మా ఇంటికే వచ్చింది. దుకాణం ఎత్తేశానంది. కూర్చోమంటే కూర్చోలేదు.

“మీరు చెప్పింది ఆలోచించానండి. బయటివాళ్ళు ముగ్గురు రాయాలి, అంతేగా? రేపు నేను మౌనగృహంలోకి వెళ్తున్నాను. తప్పు ఒప్పుకుని తిరిగొస్తానంటే వాళ్ళు కాదనరు, పండగ చేసుకుంటారు. మూడు పత్రికలకు ఉత్తరాలిచ్చాను. నలభయ్యో రోజున నేను గుమ్మంలోంచి నడిచి రాకపోతే, నన్ను ఏం చేశారో వాళ్ళు రాయాలి.”

“భ్రమరాంబగారూ, నేను చెప్పింది నియమం. చావమని చెప్పలేదు.”

“మీరు చెప్పారనడం లేదండి.”

“వద్దు. ఇంకో దారి వెతుకుదాం. రేడియో వాళ్ళున్నారు, పాత విలేకరులెవరైనా బతికుంటే…”

“ఇద్దరూ పోయారు. వాకబు చేశాను.” ఆమె నా చెయ్యి పట్టుకుంది. అరచేయి గరుకుగా, చల్లగా ఉంది. “పంతొమ్మిది సార్లు అశాంతి అని రాశానండి. ఆ మాటకు బదులు వాళ్ళ పేర్లు ఉండాలి. ఇంకేం లేదు.”

ఆపలేనని తెలిసింది. అప్పుడు నేను ఇంకొక పని చేశాను. అది రాయకపోతే ఈ దినచర్యకు అర్థం లేదు. ఆమె లోపలికి వెళ్తోంది కదా అని, నా బరువు కూడా ఆమె మీదే పెట్టాను. “లోపల దానయ్య అని ఒకతను ఉన్నాడు. మా కింది వాటా అతను. వీలైతే చూడండి,” అన్నాను.

“పేరు మళ్ళీ చెప్పండి,” అంది. చెప్పాను. ఆ గళ్ళ పుస్తకం నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

55వ రోజు

దానయ్య ఇంటికొచ్చాడు. బతికే ఉన్నాడు. చేతులు వణకడం లేదు. మంగతాయారు సంతోషంతో ఏడ్చింది. కానీ అతను మాట్లాడడం లేదు. మౌనం అయిపోయింది కదా, మాట్లాడమంటే తల అడ్డంగా ఊపుతున్నాడు. గ్లాసుతో నీళ్ళిస్తే తాగకుండా చాలాసేపు దానికేసే చూస్తున్నాడట.

62వ రోజు

సెలవు పెట్టి మౌనగృహం గుమ్మం ముందు నిలబడ్డాను. పొద్దున ఎనిమిది నుంచి చీకటి పడేదాకా. విలేకరి ఒక్కడే వచ్చాడు. భ్రమరాంబ రాలేదు. సాయంత్రం పృథ్వీధర్ బయటికొచ్చి కాగితం చదివాడు. ఆమె పన్నెండో రోజునే తనంతట తానుగా వెనక గుమ్మం నుంచి వెళ్ళిపోయిందనీ, ఎక్కడుందో తమకు తెలియదనీ.

నన్ను చూసి నమస్కారం పెట్టాడు.

64వ రోజు

ఒక పత్రిక మొదటి పేజీలో వేసింది. రెండోది పృథ్వీధర్ చదివిన కాగితం ఉన్నదున్నట్టు వేసింది. మూడోది ఏమీ వెయ్యలేదు. రేడియోతో కలిపి ఇప్పటికి చెల్లే ఆధారాలు రెండు. ఒక మనిషి ప్రాణం పెట్టి వెళ్ళాక నేను వేళ్ళ మీద లెక్క చూసుకుంటున్నాను.

విచారణ కమిషనర్ ఆఫీసుకు వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చాను. లోపలికి వెళ్తున్నానని ఆమె చివరిసారి చెప్పింది నాతోనే కనక సాక్షిని నేనే. తీర్పరి సాక్షిగా నిలబడితే ఆ రోజుతో తీర్పరి కాదు. జకరయ్యగారికి రాజీనామా ఇచ్చాను. ఆయన దాన్ని మడిచి సొరుగులో పెట్టారు.

“గడువు దాటింది కదమ్మా,” అన్నారు. “పుట మళ్ళీ కావాలంటే కొత్తగా అర్జీ పెట్టాలి. ఎవరో ఒకరు బయటివాళ్ళు పెట్టాలి.”

“నేను ఇప్పుడు బయటిదాన్నే,” అన్నాను.

ఈ దినచర్య ఫైలుకు జత చేశాను. ఇకమీద రాసేది నా సొంతం.

71వ రోజు

సాయంత్రం దానయ్య పైకొచ్చాడు. గుమ్మంలోనే గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. తిరిగొచ్చాక అతని గొంతు వినడం అదే మొదలు, బొంగురుపోయి ఉంది.

“ఆవిడ నా పక్క గదిలోకి ఒచ్చిందండి. గోడ మీద తట్టి, ‘దానయ్యేనా? హైమవతిగారు అడిగారు నిన్ను’ అంది. నన్ను మాటాడొద్దంది. మాటాడితే నీకు రోజులు పెంచుతారు, నేను మాటాడతాను, నువ్వు ఇను అంది. పేర్లు సెప్పేదండి. రోజూ పొద్దున్నే, గట్టిగా, పట్టీకి ఇనపడేలా. పంతొమ్మిదీ. సెప్పినందుకు నీళ్ళాపేశారు. అయినా సెప్పింది. నాలుగో రోజుకి గొంతు రాలేదు. గోడ గోకింది. తర్వాత అదీ లేదు.”

“ఇది కమిషనర్ ముందు చెబుతావా?”

అతను తల వంచుకున్నాడు. “నా విప్పుడు ఆళ్ళ కాడుందండి.”

అందులో ఏముందో నాకు తెలియదు. అతనే చెప్పాడు. నాలుగో తూము విరగలేదట. దిగువన ఎవరూ లేరనుకుని, వంగి చూడకుండా తలుపు ఎత్తింది అతనేనట. రెండేళ్ళుగా మంగతాయారుకు కూడా చెప్పనిది ఆ పట్టీకి చెప్పాడు.

“నేను నోరిప్పితే ఆ కాగితం స్తంభాలకి అంటిస్తారండి. ఎనిమిది ఇళ్ళోళ్ళు సదువుతారు.”

ఒకసారి భ్రమరాంబకు నియమం చెప్పాను, అక్కడిదాకా వెళ్ళింది. ఇతనికి ఏమీ చెప్పదలచుకోలేదు. “నువ్వు చెప్పకపోయినా నిన్ను తప్పుపట్టను,” అన్నాను. టీ పెట్టిచ్చాను. తాగి దిగిపోయాడు.

80వ రోజు

విచారణ. పాత సినిమా హాల్లో పెట్టారు, జనం పట్టక మెట్ల మీద కూడా నిలబడ్డారు. నేను నా సంగతి చెప్పి దిగాను. పృథ్వీధర్ నన్ను ఒకటే అడిగాడు: “ఆమె ప్రముఖురాలు కాదని తీర్పు రాసింది మీరే కదా?” అవునన్నాను.

తర్వాత దానయ్య లేచాడు. అతను వస్తాడని నాకు తెలియదు. పృథ్వీధర్ చేతిలో ఒక కవరు ఉంది. దాన్ని చూసి దానయ్య, “ఆగండి బాబూ, మీరెందుకు, నేనే సెప్తాను,” అన్నాడు.

ముందు తూము సంగతి చెప్పాడు. ఆ ఎనిమిది మందీ ఎలా పోయారో, తను ఏం చూడలేదో, ఏం దాచాడో. ముందు వరసలో ఒక ముసలామె లేచింది. పోయినవాళ్ళలో ఒకడి తల్లి.

“మా వోడు అరిశాడా?” అంది.

కమిషనర్ ఆపబోయాడు. దానయ్య ఆమెకేసే చూస్తూ జవాబిచ్చాడు. “అరిశాడమ్మా. పంపుల మోతలో కూడా నాకు ఇనపడింది. తలుపు దించడానికి సేతులు రాలేదు. తర్వాత ఇనపడలేదని అందరికీ సెప్పాను.”

ముసలామె కూర్చోలేదు, తిట్టలేదు. అతను మాట్లాడినంతసేపూ అలాగే నిలబడింది. అప్పుడతను భ్రమరాంబ సంగతి చెప్పాడు. పక్క గది, పేర్లు, నీళ్ళు, గోకుడు. ఆమె రోజూ చెప్పిన పంతొమ్మిది పేర్లూ వరసగా అప్పగించాడు. నేనిచ్చిన గళ్ళ పుస్తకం కమిషనర్ ముందు తెరిచి ఉంది. ఆయన వేలు ఒక్కో పేరు మీదా ఆగుతూ కిందికి దిగింది. ఎక్కడా తప్పలేదు.

దానయ్యను హాలు నుంచే పోలీసులు తీసుకెళ్ళారు.

96వ రోజు

మౌనగృహం వెనక ఉప్పుమడులు తవ్వించారు. మూడు శవాలు దొరికాయి. ఒకటి భ్రమరాంబది. గుర్తుపట్టడానికి బంధువులెవరూ లేకపోతే నేను వెళ్ళాను. పట్టీ ఇంకా మణికట్టుకే ఉంది. మిగతా రెండూ ఆ పంతొమ్మిదిలోవో, ఆమె పుస్తకానికి కూడా అందనివో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

140వ రోజు

కమిషనర్ నివేదిక అచ్చయింది. అది మూడో ఆధారం. అర్జీ నేను పెట్టాను. కొత్త తీర్పరి ఎవరో నాకు తెలియదు. మూడు వాక్యాల్లో తేల్చాడు: ఉంచవలెను. నిశ్చల మార్గం పుట అడుగుకు పేర్లు తిరిగొచ్చాయి, ఇరవై. మౌనగృహానికి ఆరు నెలలు తాళం వేశారు. నదికి అవతలి ఒడ్డున ‘విశ్రాంతి గృహం’ అని కొత్త బోర్డు కట్టినట్టు విన్నాను. పృథ్వీధరే వకీలట.

దానయ్యకు ఏడేళ్ళు పడింది. ఎనిమిది ఇళ్ళవాళ్ళలో కొందరు మంగతాయారు తలుపు మీద పేడనీళ్ళు కొట్టారు. నేను కడుగుతుంటే ఆమె చీపురు లాక్కుంది. విచారణ రోజు నుంచీ నాతో మాట్లాడలేదు. ఇవాళ మాట్లాడింది.

“ఆ రోజు మీకు తెలుసు,” అంది. “సంచీ పట్టుకుని నిలబడ్డ రోజు. కారణం సెప్పమని సేతులు సాపి అడిగాడు. మీకు తెలుసు.”

“తెలుసు.”

“ఒక్క మాట సెప్పుంటే ఆగిపోయేవోడు.”

“అవును.”

అతను వెళ్ళకపోతే గోడ అవతల భ్రమరాంబ గొంతు వినడానికి మనిషి ఉండేవాడు కాదు. ఆ సంగతి నాకు తట్టింది. అది ఆమెకు చెప్పే హక్కు నాకు లేదు. నోట్లోనే ఉంచుకున్నాను. మంగతాయారు చీపురుతో గడప చివరిదాకా కడిగి, బకెట్టు బోర్లించింది.

“జైల్లో తిండి సరిగ్గా తింటం లేదంట,” అంది, నాకేసి చూడకుండా. “గంజి అయితే దిగుతాది. నేను సోమారం, శుక్కురారం ఎల్తాను. మజ్జిలో ఎల్లడానికి ఎవురూ లేరు.”

“బుధవారం నేను వెళ్తాను,” అన్నాను.

మంగతాయారు చీపురు గోడకు ఆనించింది. లోపలికి వెళ్ళి గంజి పోసే మూత గిన్నె తెచ్చి, నా కాళ్ళ దగ్గర మెట్టు మీద పెట్టింది.